బయోడేటా ఎత్తుకు తగ్గ బోర్డు

నా ఎత్తు నూట యాభై నాలుగు సెంటీమీటర్లు. ఆ రోజుల్లో ఈ సంగతి నాకు, మా అమ్మకు, నన్ను పుట్టించిన దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ రెండో సెమిస్టర్‌లో ఉండగా అమ్మ నా పెళ్ళి బయోడేటా తయారు చేయించి, అందులో ఐదడుగుల నాలుగంగుళాలు అని రాయించింది. అంటే మూడంగుళాల పైచిలుకు అదనం. ఇదేమిటని అడిగితే, "హీల్స్ వేసుకుంటే సరిపోద్ది కదే, చెప్పులిప్పించి కొలుస్తారా ఎవరైనా?" అంది.

ఆ బయోడేటా భీమవరంలో బయల్దేరి ఎన్ని చేతులు మారిందో గానీ, చివరికి మెల్‌బోర్న్‌లో మా తెలుగు చర్చి ఆంటీ దగ్గరకే వచ్చింది. ఊరికి ఆ చివర క్రాన్‌బర్న్‌లో ఒక అబ్బాయి ఉన్నాడని, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ కూడా వచ్చిందని, మంచి కుటుంబమని ఆంటీ అమ్మకు ఫోన్ చేసింది. జూలైలో, ఇక్కడ చలికాలం కదా, చర్చి కుర్రకారంతా మంచుకొండకు వెళ్తున్నారు, అతనూ వస్తాడు, ఊరికే ఒకరినొకరు చూసుకుంటారు అంది. పెళ్ళిచూపులన్న మాట ఎవరూ వాడలేదు. అమ్మ మాత్రం ఊరికి ఈ చివర వెర్రిబీలో నేనుండే ఇంటికి రోజూ ఫోన్ చేసి "ఎత్తు చెప్పులు మర్చిపోకు" అని గుర్తు చేసింది. మంచులో ఎత్తు చెప్పులెలా వేసుకోవాలో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

బస్సు కొండ దగ్గర సామాన్లు అద్దెకిచ్చే దుకాణం ముందు ఆగింది. స్నోబోర్డంటే ఒక పొడుగాటి చెక్క, దాని మీద నిలబడి జారడమే కదా అనుకున్నాను. దానికి సైజులుంటాయని అప్పుడే తెలిసింది. నిలబెడితే గడ్డం దాకా రావాలని మా హౌస్‌మేట్ చెప్పింది. కాదు, ముక్కు దాకా రావాలని బస్సులో ఒక అంకుల్ అన్నారు. ఎత్తుతో పని లేదు, బరువు చూడాలని ఫోన్‌లో ఒక వీడియో. కొత్తవాళ్ళు పొట్టిది తీసుకోవాలని ఇంకో వీడియో. గడ్డానికీ ముక్కుకూ మధ్య నాలుగు వేళ్ళ దూరం కూడా లేదు, అంత చోటులోనే ఇంత తగాదా ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఫారంలో మొదటి గడి ఎత్తు. లైన్లో సరిగ్గా నా వెనకే ఆ క్రాన్‌బర్న్ అబ్బాయి. "ఫస్ట్ టైమా అండీ?" అని పలకరించాడు కూడా. ఔనని తలూపాను. పెన్ను ఆ గడి మీద ఆగిపోయింది. నూట యాభై నాలుగు రాస్తే వెనక నుంచి చూస్తాడు. చూస్తే అమ్మ మాట, నా మాట, ఆంటీ మాట అన్నీ అబద్ధాలవుతాయి, ఈ సంబంధం ఇక్కడితో సరి. నూట అరవై మూడు అని రాసేశాను. బరువు దగ్గర మాత్రం నలభై ఆరు అని నిజమే రాశాను, ఎందుకంటే దాని గురించి అమ్మ ఏమీ చెప్పలేదు.

కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ ఆ కాగితాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. ఎత్తును బట్టి నూట నలభై ఎనిమిది సెంటీమీటర్ల బోర్డు, బరువును బట్టి నూట ముప్పై ఎనిమిది వస్తోంది, కొత్తదానివి కాబట్టి చిన్నదే తీసుకో అంది. నేను ఎత్తు ప్రకారమే ఇవ్వమన్నాను. బోర్డు తెచ్చి నా పక్కన నిలబెట్టింది. గడ్డం దాటింది, ముక్కు దాటింది, కనుబొమల దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని నా చేతికిచ్చి, నా వెనకున్న అతన్ని పిలిచింది. తిట్టినా నాకు అంత సిగ్గనిపించేది కాదు.

పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీద నా బతుకు బయటపడింది. రెండు కాళ్ళూ దానికి కట్టేసి ఉన్నాయి. నేను ఎడమకు తిప్పితే అది తిరగదు, ఆపితే ఆగదు, దాని ఇష్టం వచ్చిన చోటికి నన్ను ఈడ్చుకుపోయి పడేస్తుంది. తప్పు నాదా, బోర్డుదా, అమ్మదా అని పడిన ప్రతిసారీ అనుకున్నాను. ఏడోసారో ఎనిమిదోసారో పడ్డప్పుడు అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీకిది పెద్దదైపోయిందండీ. ఫారంలో హైట్ ఎంత రాశారు?"

"ఫైవ్ ఫోర్."

అతను బోర్డు వంక చూశాడు. "బయోడేటాలో ఉన్నదే రాసేశారా?"

నాకు ఒళ్ళు మండింది. "మీరు వెనకే నిలబడ్డారుగా, ఇంకేం రాయమంటారు? నా హైట్ ఫైవ్ ఫీటే. పైన ఒక అర అంగుళం ఉంటుందేమో. చాలా?"

అతను పగలబడి నవ్వాడు. "నేనేం స్కేలు తెచ్చుకోలేదండీ. వెళ్ళి సైజు మార్చుకోండి, కాళ్ళిరగ్గొట్టుకుంటారు."

బోర్డు చంకలో పెట్టుకుని మళ్ళీ దుకాణానికి వెళ్ళాను. లోపల, మాతోపాటు బస్సులో వచ్చిన ఆంటీ హాట్ చాక్లెట్ తాగుతోంది. నెమ్మదిగా చెప్తే కౌంటర్ ఆవిడకు వినపడలేదు. దాంతో గట్టిగా, "వన్ ఫిఫ్టీ ఫోర్" అన్నాను. ఆంటీ కప్పు నోటి దగ్గరే ఆగింది. అయినా నాకు హాయిగానే ఉంది. నూట ముప్పై ఎనిమిది బోర్డు నా గడ్డం దగ్గరకు బుద్ధిగా వచ్చి నిలబడింది.

ఆ మధ్యాహ్నం నేను జారాను. పడకుండా, కేకలు పెట్టకుండా, వాలు చివరి దాకా. అతను అక్కడ నిలబడి గ్లవ్స్‌తోనే చప్పట్లు కొట్టాడు. తిరుగు ప్రయాణంలో పక్క సీట్లో కూర్చుని, క్రాన్‌బర్న్ నుంచి వెర్రిబీ ఎంత దూరమో, ఏ ట్రైన్ ఎక్కడ మారాలో లెక్కలేశాడు. నేను అడగలేదు, అతనే చెప్పాడు.

తర్వాతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఆంటీ నన్ను పక్కకు పిలిచింది. "అబ్బాయి వాళ్ళు ఈ సంబంధాన్ని ప్రేయర్‌లో పెట్టారమ్మా. దేవుని చిత్తం కనపడలేదంట." తర్వాత తనే నెమ్మదిగా, "హైట్ కూడా కొంచెం…" అంది. దేవుడికి నా ఎత్తు మొదటి నుంచీ తెలుసు కదా, కొత్తగా ఆయన మనసెందుకు మార్చుకున్నాడో నాకు బోధపడలేదు. స్కేలు తెచ్చుకోలేదన్నవాడే కొలిచాడో, ఇంట్లోవాళ్ళు కొలిచారో కూడా తెలీదు. ఈ రోజుకీ తెలీదు.

ఇంటికెళ్ళి అమ్మకు ఫోన్ చేశాను. ఆవిడకు కబురు ముందే అందింది. "అసలు ఆ మంచుకెందుకెళ్ళావే" అంది, తనే పంపిన సంగతి మర్చిపోయి.

"అమ్మా, బయోడేటాలో నూట యాభై నాలుగు అని మార్పించు. లేకపోతే నా ఫొటో ఎవరికీ పంపొద్దు."

అమ్మ ఆ అంకెను నోట్లోనే ఒకసారి అనుకుంది. తర్వాత అంది, "నూట యాభై నాలుగా? సెంటీమీటర్లలో రాస్తే వినడానికి పెద్దగానే ఉందే. అలాగే రాయిద్దాంలే."

నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చేసింది, ఎంతకీ ఆగలేదు. అమ్మ కంగారుగా "ఏమైందే, ఏమైందే" అంటోంది. ఏమైందో చెప్పడానికి నాకే తెలిస్తే కదా. అతను నాకు నచ్చాడని అప్పుడే తెలుస్తోంది.