ఇరవయ్యో నంబరు

ప్రేమలత ఫోను పూర్తిగా చచ్చిపోయినా బాగుండేది. అలా చావక, ఇలా బతకక అది ఆమె ప్రాణం తోడేస్తోంది. అద్దం మీద పై మూల నుంచి కింది మూల దాకా పగులు. కెమెరా తెరిస్తే సగంలో మనుషులు, సగంలో తెల్లటి పొగ. ఆ ఫోనుతోనే ఆమె రోజుకు రెండుసార్లు ముప్పై మందిని ఫొటో తీయాలి.

గట్టు మండలంలో ఓ చిన్న పల్లె ఆమెది. ఎండాకాలంలో నడిచే ఉపాధి పనికి ఆమె మేటు, అంటే ఆ ముప్పై మంది కూలీల గుంపుకు పెద్ద. పని మొదలైనప్పుడు ఒక ఫొటో, ముగిశాక ఒక ఫొటో. రెండూ యాప్‌లో ఎక్కితేనే హాజరు పడుతుంది. ఎక్కకపోతే గట్టిగా ఉన్న ఆ ఎర్రనేలలో గడ్డపారలు అరిగేలా కందకం తవ్వినా తవ్వనట్టే లెక్క.

ఆ గురువారం రెండో ఫొటో ఎక్కలేదు. ప్రేమలత గుట్టెక్కింది, దిగింది, ఫోను నెత్తిమీద పెట్టుకుని సిగ్నలు కోసం చెలకంతా తిరిగింది. టైం దాటిపోయింది. ముప్పై మందికి ఆ రోజు కూలి పోయింది. గుంపులో నోరు పెద్దది బాలమణి. ఆమె తట్ట కింద పడేసి ముఖం మీదే అడిగేసింది.

“నేను తవ్విన మన్ను నీ ఫోన్ల కనవడలేదా ప్రేమమ్మా?”

ఫీల్డ్ అసిస్టెంటు వెంకటేశం మంచివాడే, కానీ ఆయనకూ పైన చెప్పేవాళ్ళున్నారు. “ఇది మూడోపారి. ఇంకొక్కపారి గిట్లయితె నేనేం చెయ్యలేను. మంచి ఫోనున్నోళ్ళకు గుంపును అప్పజెప్పుత. సోమవారం దాక చూస్త,” అన్నాడు.

మేటు పని పోతే ఏమవుతుందో ప్రేమలతకు బాగా తెలుసు. పదో తరగతి పాసై, ప్రభుదాసును చేసుకుని, అతనితో పాటు బెంగుళూరులో ఎనిమిదేళ్ళు ఇటుకలు మోసిన మనిషి ఆమె. రేకుల షెడ్డులో కాపురం. స్నానానికి చీర అడ్డం కట్టుకోవాలి. బిడ్డ ఉమ అక్కడే పుట్టింది, ఆరేళ్ళు వచ్చినా బడి ముఖం చూడలేదు. అందుకే ప్రభుదాసు ఒక్కడే అక్కడ మేస్త్రీ పనికి ఉండిపోయి, తల్లీబిడ్డలను ఊరికి పంపాడు. ఇప్పుడు ఉమ నాలుగో తరగతి. మేటు పనీ, పత్తి చేలల్లో కూలీ కలిస్తేనే ఇక్కడ పొయ్యి వెలుగుతుంది. మేటు పని పోయిందంటే మళ్ళీ బెంగుళూరు బస్సే, మళ్ళీ రేకుల షెడ్డే.

శుక్రవారం పొద్దున దినేష్ దగ్గర నుంచి మెసేజి వచ్చింది. దినేష్ ఆమె పెదనాన్న కొడుకు. వడ్డేపల్లివాడు, బెంగుళూరులోనే ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా ఉంటాడు. మెసేజిలో నీలం రంగు కొత్త ఫోను బొమ్మ, దాని కింద ఖాళీ చక్రం. ఇరవై మందిని చేర్పిస్తే చక్రం నిండుతుంది, ఫోను ఇంటికి వస్తుంది, పైసా కట్టనక్కర్లేదు. ఆదివారం సాయంత్రం నాలుగు దాకే గడువు. బొమ్మ పక్కనే గడియారం సెకన్లు తగ్గించుకుంటూ పోతోంది.

ఆమె వెర్రిబాగులది కాదు. ఊరికే ఫోను ఎవడిస్తాడన్న అనుమానం ఆమెకూ వచ్చింది. అన్నకు ఫోన్ చేసింది.

“నిజమేనా అన్నా?”

“నిజమే చెల్లె. మా కంపెనీల ఒకాయనకు వచ్చిందంట. జల్ది చెయ్యి, టైం తక్కువుంది.”

నీకు వచ్చిందా అని మాత్రం ఆమె అడగలేదు. అడగాలని తోచకపోవడం కాదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. అవసరం మెడ మీద కూర్చున్నప్పుడు మనిషి అడగాల్సినవి కాకుండా అడగగలిగినవి మాత్రమే అడుగుతుంది.

ఆమె గుంపులో ముప్పై మందికి కలిపి ఉన్న ఫోన్లు సరిగ్గా ఇరవై. ఆ లెక్క కుదరడమే ఆమె కొంప ముంచింది. దేవుడే కుదిర్చాడనుకుంది.

ఆ పల్లెలో ఓటీపీ అంటే ప్రేమలతకు చెప్పేది. అంతకు మించి ఎవరికీ దాని అర్థం తెలియదు. రేషను కార్డుకైనా, బ్యాంకుకైనా, పింఛనుకైనా ఏదో ఒక అంకె వస్తుంది, ప్రేమమ్మ దగ్గరికి వెళ్ళాలి, ఫోను చేతికివ్వాలి, ఆమె చేసుకుంటుంది. అందరి ఆధార్ నంబర్లూ, బ్యాంకు ఖాతాలూ ఆమె దగ్గరున్న రెండొందల పేజీల పుస్తకంలో ఉన్నాయి. హాజరు కోసం రాసుకున్నవే. ఆ పుస్తకాన్ని ఆమె బైబిలు పక్కనే పెట్టుకునేది.

శుక్ర, శనివారాలు నీళ్ళు తాగే వేళల్లో పని జరిగింది. పేరు కొట్టడం, ఫోన్ నంబరు కొట్టడం. ఆ తర్వాత మెసేజితో వచ్చిన యాప్ ఆధార్ అడిగింది, ఖాతా అడిగింది. బహుమతి ఇచ్చే ముందు మనుషులు నిజమైనవాళ్ళో కాదో చూసుకుంటారట. పుస్తకం తెరిచి అవీ కొట్టింది. ఓటీపీ రాగానే అంకెలు చూసి ఎక్కించింది. యోసేపు తంబాకు నలుపుకుంటూనే ఫోను ఆమె ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు. గురువారం నాటి కోపం ఇంకా చల్లారని బాలమణి కూడా ఫోను మాత్రం ఇచ్చింది.

“దేనికి?” అని పంతొమ్మిది మందిలో ఒక్కరూ అడగలేదు.

చక్రం మాత్రం మహా గడుసుది. మొదటి అయిదుగురికే సగం దాకా నిండింది. తర్వాత మనిషి మనిషికీ నిండేది తగ్గిపోతూ వచ్చింది. పంతొమ్మిదో మనిషికి వెంట్రుకవాసి కదిలి ఆగింది. ఇంకొక్కరు, ఒక్కరంటే ఒక్కరు అని నీలం ఫోను మెరుస్తోంది.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో ప్రేమలతకు ఒక్క ముక్క ఎక్కలేదు. కళ్ళు మూసుకుంటే గడియారమే కనిపిస్తోంది. మిగిలింది శాంతమ్మ. మోకాళ్ళ నొప్పితో ఆమె శుక్రవారం నుంచి పనికీ రాలేదు, ప్రార్థనకూ రాలేదు. ఆమెన్ అనగానే ప్రేమలత చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే కాలనీ చివరి ఇంటికి నడిచింది. రెండున్నర దాటింది.

శాంతమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చరుస్తోంది. కొడుకు కుటుంబం వలసలో ఉంది. ఆమె ఫోను పాత బటన్ల ఫోను, మూత ఊడిపోకుండా రబ్బరు చుట్టి ఉంటుంది.

“పెద్దమ్మా, నీ ఫోనొకసారి ఇయ్యి. ఒక నంబరొస్తది, చూసి ఇచ్చేస్త.”

శాంతమ్మ పిండి చేతులు కడుక్కుని గూట్లోంచి ఫోను తీసింది. ఇవ్వబోతూ ఆగింది.

“దేనికి బిడ్డా?”

ప్రేమలతకు అది కొత్త ప్రశ్న. “నాకొక ఫోనొస్తది పెద్దమ్మా. ఫిరీగ. నీ నంబరొక్కటి పడితె అయిపోతది.”

“నా నంబరు వాళ్ళేం జేసుకుంటరు? నాకు ఫోన్ జేసేటోడే లేడు. నా కొడుకే పదైదు దినాలకొకపారి చేస్తడు. నా నంబరిస్తే నీకు ఫోనెందుకిస్తరు?”

అందులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. రెండు రోజులుగా పంతొమ్మిది మంది ఆధార్లు కొట్టిన మనిషికి ఈ చిన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు.

“గట్లనే ఇస్తరంట పెద్దమ్మా. కంపెనీవాళ్ళు,” అంది చివరికి, తన గొంతు తనకే నచ్చకుండా.

“సరే తియ్యి. నువ్వు అడిగినంక ఇయ్యకుంటనా?” శాంతమ్మ ఫోను చేతిలో పెట్టింది.

ప్రేమలత చేతిసంచిలోంచి పుస్తకం తీసి, వివరాలన్నీ తన ఫోనులో కొట్టింది. బటన్ల ఫోను కిర్రుమంది. అంకెల కోసం ఆమె కళ్ళు పరిగెత్తుతుండగా శాంతమ్మ పక్కకు జరిగి కూర్చుంది.

“మొత్తం చదువు బిడ్డా. నాకొచ్చిన ముచ్చటేందో నేను గూడ ఇంట.”

మిగతా ఫోన్లలో అంకెలు పైనే కనబడేవి. ఈ చిన్న తెరలో అయితే మెసేజి తెరిచి కిందికి జరుపుతూ పోవాలి. అదంతా ఇంగ్లీషు. ప్రేమలత పదో తరగతి ఇంగ్లీషును కూడబలుక్కుంటూ చదివింది. మీ లోన్ దరఖాస్తుకు మీరు ఒప్పుకుంటున్నట్టు ఈ నంబరు. ఎవరికీ చెప్పకండి.

లోన్ అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. మళ్ళీ చదివింది.

“ఏమైంది?” అంది శాంతమ్మ.

“అప్పు పెద్దమ్మా. నీ పేరు మీద అప్పు తీసుకుంటున్నవని రాసిండ్రు.”

“నేనా? ఎవరడిగిండ్రు?”

“నేనే,” అని ప్రేమలత ఏడ్చేసింది.

కాసేపటికి తేరుకుని దినేష్‌కు ఫోన్ చేసింది. ఈసారి అడగాల్సిందే అడిగింది. “నీకు ఫోను వచ్చిందా అన్నా?”

దినేష్ నీళ్ళు నమిలాడు. “ఇంక రాలె చెల్లె. నాకు గూడ ఒక్కరే తక్కువున్నరు. గందుకే నీకు పంపిన. నువ్వు చేరినంక మల్లా ఇద్దరు గావాలంటుంది.”

ఆమె ఫోను పెట్టేసింది. అన్న మీద వచ్చిన కోపం అన్న దాకా కూడా వెళ్ళలేదు, సగం దారిలోనే తన మీదికి తిరిగింది. నాలుగయ్యే దాకా ఆ పొయ్యి దగ్గరే కూర్చుంది. శాంతమ్మ నంబరు ఎక్కించలేదు. నాలుగు కొట్టగానే గడియారం సున్నా అయింది, వెంటనే మళ్ళీ ఇరవై నాలుగు గంటలు చూపించింది. మీ కోసమే గడువు పెంచాం, ఇంకో అయిదుగురు చాలు అంది. సిగ్గులేని గడియారం! శాంతమ్మ చల్లారిన రొట్టె పెడితే ఆమె ముట్టలేదు.

సోమవారం కందకం దగ్గర మొదటి ఫొటోకు అందరూ వరుసగా నిలబడ్డారు. వెంకటేశం కూడా వచ్చాడు, ఈరోజు తేల్చేయాలని. ప్రేమలత ఫోను పైకెత్తలేదు. జరిగిందంతా చెప్పింది. మీ ఆధార్లు ఇచ్చింది నేను, ఖాతాలు ఇచ్చింది నేను, మీరడగలేదు, నేను చెప్పలేదు అంది.

బాలమణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి లేదు. యోసేపు మాత్రం జేబులోంచి తీసిన ఫోనును గుప్పిట్లో బిగించి పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆ చూపు కంటే తిట్లే నయమనిపించింది ఆమెకు.

ఆ రోజుకు వెంకటేశమే తన ఫోనులో రెండు ఫొటోలూ తీసి హాజరు వేశాడు. పని ముగియగానే అందరినీ ఆటోల్లో ఎక్కించుకుని పోలీసు స్టేషనుకు, అక్కడి నుంచి బ్యాంకుకు వెళ్ళింది ప్రేమలత. ఖాతాలు ఆపించింది, ఫిర్యాదులు రాయించింది, ఒక్కొక్కరి పేరూ తనే రాసింది. అయినా అప్పటికే యోసేపు పేరు మీద, అతను కంటితో చూడని డబ్బుకు, అప్పు పుట్టేసింది. నెలన్నర పాటు ఎవడెవడో హిందీలో ఫోన్ చేసి అతన్ని బెదిరించాడు. ఫోను మోగిన ప్రతిసారీ యోసేపు దాన్ని ప్రేమలత చేతికిచ్చేవాడు. ఆమే ఎత్తేది, ఆమే ఫిర్యాదు నంబరు చెప్పేది, ఆమే ఆ బూతులు వినేది. చివరకు ఆ ఫోన్లు ఆగాయి.

మేటు పని వేరేవాళ్ళకు ఇచ్చేయమని మొదటి రోజే ఆమె వెంకటేశానికి చెప్పింది. ఆయన గుంపునే అడిగాడు. అందరూ బాలమణి వైపు చూశారు.

“ఇంకెవరున్నరు సార్?” అంది బాలమణి విసుగ్గా. “మా ముంగట నిలబడి చెప్పింది గద. చెప్పకుంటె మాకెట్ల తెలుస్తుండె? ఉండనీ. కానీ ఫోను మార్చుమను.”

విషయం విన్న మూడో రోజున ప్రభుదాసు బెంగుళూరు బస్సులో వచ్చిన మనిషి చేత తన ఫోనే పంపించాడు. తను బటన్ల ఫోను కొనుక్కున్నాడట. ఫోను చుట్టిన కవరు విప్పి ప్రేమలత మళ్ళీ ఏడ్చింది.

వానలు మొదలయ్యే ముందు కూలీలందరి వివరాలూ హాజరు యాప్‌లో మళ్ళీ సరిచూడాలని పై నుంచి చెప్పారు. ఇంటికో ఓటీపీ. కందకం గట్టు మీద ప్రేమలత కూర్చుంది. మొదట యోసేపు వచ్చాడు. ఫోను చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

“దేనికి?” అన్నాడు.

ఆమె దేనికో చెప్పింది. మెసేజి మొత్తం చదివి వినిపించింది. తర్వాత బాలమణి రెండుసార్లు అడిగింది, రెండుసార్లు చదివించుకుంది. ఒక్కరు కూడా అడగకుండా ఇవ్వలేదు. గంటలో కావాల్సిన పని మధ్యాహ్నం దాకా సాగింది. అడిగిన ప్రతిసారీ నొప్పి పుట్టింది, ప్రతిసారీ ఆమె చదివింది.

చివర శాంతమ్మ కుంటుకుంటూ వచ్చి రబ్బరు చుట్టిన ఫోను ఆమె ఒళ్ళో పెట్టి పక్కన కూలబడింది.

“దేనికని అడగవా పెద్దమ్మా?”

“నిన్ను అడుగుడేంది బిడ్డా. తీసుకో.”

ఆ నమ్మకం చూస్తేనే ప్రేమలతకు ఇప్పుడు అన్నిటికన్నా భయమేసింది. మెసేజిని మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివింది, అర్థం చెప్పింది, ఫోను తిరిగి శాంతమ్మ చేతిలో పెట్టింది.

“ఇయ్యాల్నో వద్దో ఇప్పుడు నువ్వు చెప్పు,” అంది.

శాంతమ్మ ఆ చిన్న తెరను ఒకసారి చూసుకుంది. తర్వాత ఫోనును ఆమె వైపు తిప్పి పట్టుకుంది. “ఇస్తున్న, రాసుకో,” అంది.