ఎక్కడికని అడగని హవల్దారు

అప్పలరాముడికి పోలీసు ఉద్యోగానికి కావలసిన పొడుగుంది, ఛాతీ ఉంది. లేనిదల్లా జనాన్ని భయపెట్టే మొహం. మీసం పెంచి చూశాడు. నవ్వు ఆ మీసాన్ని దాటుకుని మరీ బయటికొచ్చేది. ఇక మీసం అలాగే ఉండనిచ్చి, భయపెట్టే ప్రయత్నం మానుకుని, దేవుడిచ్చిన మొహంతోనే ఉద్యోగం నెట్టుకొచ్చాడు.

పుట్టింది పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్ పేటలో. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో మూటలు మోసినవాడు. కొడుకు ఎనభైల మొదట్లో హెడ్ కానిస్టేబుల్‌గా అండమాన్‌లోనే బాగా ఉత్తరానున్న మాయాబందర్ జెట్టీ ఔట్‌పోస్టుకి వచ్చాడు. అక్కడ అందరికీ హవల్దారు.

దొంగలు లేని ఊళ్లో పోలీసుకి పనేమిటంటారా? బోలెడంత. పూజ పందిళ్లలో ఇసుక బకెట్లు పెట్టించడం, ఈత రాని వాళ్లని లోతుకి పోనివ్వకుండా చూడడం, బడికెళ్లి పిల్లలకి రోడ్డు దాటడం నేర్పడం. అప్పట్లో మాయాబందర్‌లో బస్సుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బస్సు వచ్చిందంటే పిల్లలు దాటడం మానేసి దాన్ని చూస్తూ నిలబడేవారు. అయినా అప్పలరాముడు ఓపిగ్గా నేర్పాడు.

అలా హాయిగా సాగుతున్న రోజుల్లో పైనుంచి ఒక ఉత్తరువొచ్చింది. చేపల వేటకెళ్లే ప్రతి డింగీ పడవ వివరాలూ బయల్దేరే ముందే రిజిస్టరులో రాయాలి: మనుషులెందరు, ఏ వైపు వెళుతున్నారు, ఎప్పుడొస్తారు. ఉత్తరువులో తప్పేమీ లేదు. అంతకు ముందేడు ఓ డింగీ ఉత్తరాన చిక్కుకుంటే జనం తూర్పున రెండు రోజులు వెతికారు. అందులోవాళ్లు బతికి బయటపడడం కేవలం వాళ్ల అదృష్టం. ఆ రెండు రోజులూ జెట్టీ మీద కూర్చున్న ఆడవాళ్ల మొహాలు అప్పలరాముడు మరిచిపోలేదు.

చిక్కల్లా ఒకటే. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడక్కూడదు. తెలుగిళ్లలో పుట్టినవాడెవడికైనా ఇది పాలతో పాటు పోసిన పాఠం. మరీ ఆత్రమైతే ‘దూరమా?’ అని ఊరుకోవాలి. వేటకెళ్లేవాణ్ణి ఆ మాట అడిగారో, వల ఖాళీగా వస్తుందని జెట్టీ అందరికీ నమ్మకం. అప్పలరాముడు రాత్రంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. శకునం తెలుగువాళ్లది గనక, హిందీలో అడిగితే అంటదు!

తెల్లారి రిజిస్టరు చంకలో పెట్టుకుని జెట్టీ మెట్ల మీద నిలబడ్డాడు. ముందుగా గవరయ్య డింగీ కదిలింది.

“కహాఁ జా రహే హో, భయ్యా?”

గవరయ్య తెడ్డు కింద పెట్టేశాడు. వల తీసి భుజాన వేసుకున్నాడు. మెట్లెక్కి ఇంటికెళ్లి పడుకున్నాడు. వెనకున్న పదకొండు డింగీల వాళ్లూ అదే దారి పట్టారు. ఆ రోజు మాయాబందర్ బజారులో చేప లేదు. చేపలమ్మే ఆడవాళ్లు మధ్యాహ్నానికి ఖాళీ గంపలతో ఔట్‌పోస్టు ముందు కూర్చుని హవల్దారుకి తెలుగులోనూ హిందీలోనూ అక్షింతలు వేశారు.

వేటకెళ్లేవాళ్లందరిలోకీ పెద్దవాడు తాతబ్బాయి. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారే, ఆ లెక్కన మాయాబందర్‌కి ఆయన చక్రవర్తి. చుట్ట పక్కకి నెట్టి, “ఏ బాసలో అడిగితే సముద్రానికి ఇనబడదేటి, హవల్దారూ? దానికి తెలుగొచ్చు, హిందీ వచ్చు, బెంగాలీ వచ్చు. నికోబారీ కూడా వచ్చు” అన్నాడు.

అప్పలరాముడు తల దించుకుని ఇంటికెళ్లాడు. కంచం ముందు కూర్చుని గోడు వెళ్లబోసుకుంటే భార్య వీరలక్ష్మి పకపకా నవ్వింది.

“ఇన్నేళ్ల కాపురంలో నిన్ను ఎక్కడికని ఎప్పుడైనా అడిగేనా?”

“లేదు.”

“మరి నువ్వు ఎటెళ్లేవో నాకెలాగ తెలస్తంది? గోడ సూస్తాను. మేకుకి గొడుగు లేదంటే అడివి ఊళ్లకెళ్లేవు, రాత్రికే వస్తావు. సంచీ లేదంటే ఆఫీసుకెళ్లేవు, మద్దేన్నానికి అన్నం ఎట్టాల. అడగడం దేనికి?”

అప్పలరాముడు అన్నం సగంలో వదిలి లేచాడు. రంపపు మిల్లులో పారేసిన పడాక్ చెక్క ముక్కలు అడిగి తెచ్చాడు. ఔట్‌పోస్టు గోడకి ఒక బోర్డు బిగించి, పడమరంతా నేలే గనక ఉత్తరానికి, తూర్పుకి, దక్షిణానికి ఒక్కో వరస మేకులు కొట్టాడు. డింగీకో చెక్క బిళ్ల. చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి పేర్లకి బదులు బొమ్మలు వేశాడు: కోడి, గొడుగు, చందమామ. వెళ్లేవాడు తన బిళ్లని తను వెళ్లే దిక్కు మేకుకి తగిలించి పోవాలి. తిరిగొచ్చాక తీసేయాలి. హవల్దారు అటు తిరిగి నిలబడతాడు. అడగడు, చూడడు. వాళ్లు వెళ్లిపోయాక బోర్డు చూసి రిజిస్టరు నింపుకుంటాడు.

వారం తిరిగేసరికి పదకొండు బిళ్లలు మేకులెక్కాయి. పన్నెండోది తాతబ్బాయిది. దాని మీద అప్పలరాముడు పీత బొమ్మ వేశాడు. ప్రేమగానే వేశాడు గాని, తాతబ్బాయికి ఒళ్లు మండింది.

“నానేటి, పీతనా? అయినా మేకుకి తగిలిస్తే నోటితో సెప్పినట్టే కదా! నానొప్పుకోను.”

అప్పలరాముడు బతిమాలాడు. చుట్టలు కొనిచ్చాడు. చుట్టలు కాలిపోయాయి, బిళ్ల మాత్రం కదల్లేదు. ఆ ముసలాయన ఒక్కడే డింగీ వేసుకుని ఎటు పోతాడో తెలియక హవల్దారుకి రోజూ అదే బెంగ.

ఒకనాడు పొద్దున్నే బోర్డు చూస్తే పీత తూర్పు మేకుకి వేలాడుతోంది. మర్నాడు ఉత్తరాన. మూడోనాడు గోడ చాటున కాపు కాశాడు. తాతబ్బాయి డింగీ కనుమరుగయ్యాక ఆయన భార్య అచ్చమ్మ గంప దించి, అటూ ఇటూ చూసి, పీతని దక్షిణం మేకుకి తగిలించింది. అప్పలరాముడు బయటికొచ్చేసరికి, దొరికిపోయానని తెలిసి అతని చేతులు పట్టుకుంది.

“ఏ వలట్టుకెళ్లేడో సూస్తే ఆడెటెళ్లేడో నాకు తెలస్తంది. ఆడు కనుమరుగయ్యేకే తగిలిస్తన్నాను బాబూ, సెకునం అంటదు. ఆడితో మాత్రం అనకు, నీకు దండమెడతాను.”

“నా నోరు దాటదత్తా” అని మాటిచ్చాడు అప్పలరాముడు.

ఆ ఏడు దీపావళి వెళ్లిన వారానికి, మధ్యాహ్నం రెండింటికి వైర్‌లెస్‌లో కబురొచ్చింది: గాలి రేగుతోంది, డింగీలు వెనక్కి రావాలి. అప్పటికే గాలి తీరు చూసి డింగీలు ఒక్కొక్కటే రేవు చేరాయి. కోడి దిగింది, గొడుగు దిగింది, చందమామ దిగింది. నాలుగైంది. బోర్డు మీద ఒక్క పీత మిగిలింది, దక్షిణం వరసలో. దాని కింద అచ్చమ్మ గంప బోర్లించుకుని కూర్చుంది. ఏడవలేదు. బిళ్ల వంక చూస్తూ కూర్చుంది, అంతే. అప్పలరాముడికి ఆ చూపు భరించడం కష్టమైంది.

“గవరయ్యా, ఇంజన్ వెయ్యి” అని తనే ముందు డింగీలోకి దూకాడు.

మూడు దిక్కుల్లో వెతకాల్సిన పని లేకపోయింది. తిన్నగా దక్షిణానికి పోయారు. చీకటి పడకముందే కనిపించాడు తాతబ్బాయి. ఇంజన్ చచ్చిపోయింది, తెడ్డు విరిగింది, పెద్దమనిషి తను కూర్చునే పలక ఊడదీసి దాంతో నీళ్లు తోస్తున్నాడు. తాడు విసురుతుంటే పట్టుకోకుండా అడిగిన మొదటి మాట ఇది:

“నానిటొచ్చేనని నీకెవడు సెప్పేడు?”

మాటిచ్చాడు కదా. అప్పలరాముడు నీళ్లు కారే మీసంలోంచి నవ్వాడు. “పీత చెప్పింది మావా. ముందు తాడు పట్టుకో.”

జెట్టీ చేరేసరికి అచ్చమ్మ బిళ్ల చేతిలో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. తాతబ్బాయి బిళ్ల వంక చూశాడు, భార్య వంక చూశాడు. మర్నాడు తెల్లారి తనే వచ్చి పీతని మేకుకి తగిలించాడు. బోర్డు పగిలేలా తగిలించాడనుకోండి, అది వేరే సంగతి.

నాలుగేళ్లకి అప్పలరాముడికి పోర్ట్ బ్లెయిర్ బదిలీ అయింది. ఓడ వచ్చిన రోజు జెట్టీ అంతా కదిలొచ్చింది. ఎక్కడికెళ్తున్నాడో అందరికీ తెలుసు, అయినా ఒక్కొక్కళ్లే వచ్చి “దూరమా?” అని అడిగి కళ్లు తుడుచుకున్నారు. బోర్డుని చివరిసారి చూద్దామని అప్పలరాముడు ఔట్‌పోస్టు దగ్గరికెళ్లాడు. దక్షిణం వరసలో కొత్త బిళ్ల ఒకటి వేలాడుతోంది. దాని మీద వంకర టోపీ, టోపీ కింద మీసం. పక్కన తాతబ్బాయి సముద్రం వైపు తిరిగి చుట్ట కాలుస్తున్నాడు.

“ఇదేంటి మావా?”

“నన్నడుగుతావేటి? లెక్క నువ్వెట్టిందే కదా. బిళ్ల మేకు మీదుందంటే మనిసింకా రేవుకి రాలేదని.”

అంత పొడుగు మనిషీ అందరిముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఏడేళ్లు గడిచాయి. రిటైరయ్యాక ఆ ఊరి పక్కనే ప్రోతరాపూర్‌లో ఇల్లు కట్టుకుంటాడని చుట్టాలందరూ అనుకున్నారు. అక్కడ చిన్న స్థలం కూడా ఉంది. అప్పలరాముడు మాత్రం పెట్టే బేడా సర్ది, వీరలక్ష్మిని తీసుకుని మాయాబందర్ ఓడెక్కాడు.

దిగీ దిగగానే తిన్నగా ఔట్‌పోస్టుకి నడిచాడు. టోపీ బిళ్ల అక్కడే ఉంది. రంగు కొత్తగా మెరుస్తోంది. ఏడాదికోసారి ఎవరో వేయిస్తున్నారన్నమాట. దాన్ని తన చేత్తో మేకు మీంచి తీశాడు.

మెట్ల మీద తాతబ్బాయి వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

“ఆలీసం సేసీసేవు, హవల్దారూ” అన్నాడు. “ఇంకొక్క రోజు సూసి, ఎతకడానికి బయల్దేరుదుమనుకున్నాను.”