గొంతు అమ్మమ్మది

నికాసియా మా పెద్దమ్మ కూతురు. మేమందరం అమ్మమ్మ ఇంట్లోనే పెరిగాం. హోండురాస్ తీరాన మా గరిఫునా జాతి పల్లెల్లో సగం మందికి మా అమ్మమ్మే మంత్రసాని. నికాసియాకు ఒకసారి విన్న మాట పోదు. అన్నవాళ్ల గొంతుతోనే, దగ్గుతో సహా, మళ్లీ బయటికొస్తుంది. జడ మాత్రం అల్లుకోలేదు. పెనం మీద కర్రపెండలం రొట్టె మాడి పొగలొస్తున్నా తియ్యాలని తోచదు. "దీని మాటలు కోటలు దాటతాయి, కాళ్లు గడప దాటవు" అని అమ్మమ్మ నవ్వేది.

అమ్మమ్మ పోయాక ఎవరో చూలాలు వచ్చింది. నికాసియా అచ్చం అమ్మమ్మ గొంతుతో, "బిడ్డ అడ్డం తిరిగింది, నూనె రాసి నిమరండి" అంది. నిజంగానే అడ్డం తిరిగి ఉంది. ఇంకేం, పెద్దలు పూనారన్నారు. అది పొట్ట మీద చెయ్యైనా వెయ్యలేదని నేను మొత్తుకున్నాను. "పెద్దలకు చెయ్యెందుకే?" అని నా నోరు మూయించారు. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత మా చెల్లెలు డెల్మీరాకు నొప్పులొచ్చాయి. పడవలో పట్నం ఆసుపత్రికి పోదామన్నాను. పెట్రోనా పిన్ని ఒప్పుకోలేదు.

"మా అమ్మ ఇంట్లో ఉండగా పట్నమెందుకే?" అంది. అమ్మ అంటే, ఆమె లెక్కలో, నికాసియా.

నికాసియా మూల పీట మీద కూర్చుని, గోడవైపు చూస్తూ మొదలుపెట్టింది. "తొందరపడకు తల్లీ. పళ్లు బిగించకు, ఊపిరి వదులు." ఆ గొంతు వినగానే డెల్మీరా కుదుటపడింది. సిగ్గు విడిచి చెప్పాలంటే నేనూ కుదుటపడ్డాను.

"వదులమ్మా, బసీలియా."

బసీలియా మా అమ్మ. డెల్మీరాను కంటూ ఈ గదిలోనే చనిపోయింది. ఆ రోజు కూడా నికాసియా అదే మూల, అదే పీట మీద కూర్చుని ఉంది.

"పిల్లల్ని బయటికి పంపండి" అంది అమ్మమ్మ గొంతు. గదిలో పిల్లలెవరూ లేరు. ఆనాడు ఆ మాట అన్నాకే నన్ను వాకిట్లోకి గెంటారు. మూల పీట మీద కదలకుండా ఉన్న నికాసియాను ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత నేను విన్నది ఏడుపే.

డెల్మీరాను లేవదీశాను. పిన్ని గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పెద్దల మాట కాదని పోతావా?"

"ఇది పెద్దల మాట కాదు పిన్నీ, మా అమ్మ చావు" అని ఆమెను పక్కకు నెట్టి, చెల్లెల్ని పడవెక్కించాను. ఆసుపత్రిలో కోసి బిడ్డను తీశారు. తల్లీబిడ్డా బతికారు.

పెద్దలు ముందే హెచ్చరించబట్టే బతికారని ఊరంతా చెప్పుకుంది. నికాసియా వాకిట్లో ఇప్పుడు ఇసుక వేస్తే రాలదు.

నిన్న దానికి జడ వెయ్యడానికి వెళ్లాను. దువ్వెన పెట్టగానే అది సన్నగా, వణుకుతూ, "అక్కా, నాకేం తెలీదే. వీళ్లను పొమ్మనవే" అంది. అది దాని సొంత గొంతు. చిన్నప్పుడెప్పుడో విన్నాను. నాకు ఏడుపొచ్చింది.

వాకిట్లో ఆడవాళ్లు ఒక్కసారిగా మాట ఆపేశారు. పెట్రోనా పిన్ని తల వంచుకుని గడప దాకా వచ్చి, గుసగుసగా అడిగింది.

"ఈ గొంతు ఎవరిదే? ఎప్పుడు పోయిన మనిషి?"