ఎనిమిది చేతుల వియ్యపురాలు

గత నెల రెండో గురువారం ఉదయం ఏడుంబావుకి మా అమ్మాయి ఫోన్ చేసి, "అత్తయ్య ఇక లేరమ్మా" అంది. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుట్టు మిషను ముందు కూర్చుందట. మళ్లీ లేవలేదు. సగం కుట్టిన జాకెట్టు చెయ్యి సూది కింద అలాగే ఉందట.

ఆవిడ నాకు వియ్యపురాలు. కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గరగా, ఇంటి ముందుగదిలోనే ముప్ఫై ఏళ్లు బట్టలు కుట్టింది. నేను స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చిన భర్తతో గోదావరి జిల్లా నుంచి ఈ ఊరు వచ్చి, లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. పెళ్లిచూపుల నాడే ఆవిడ నన్ను "నువ్వు" అంది. నాకు గుచ్చుకుంది. నేను మాత్రం చివరిదాకా "మీరు" అనే అన్నాను.

మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది కానీ, ఇంట్లోవాళ్లకు కంటి చూపే కొలత. ఒకసారి నా కొలతలు కాగితం మీద రాసిస్తే, ఎనిమిది మడతలు పెట్టి ఊగుతున్న మిషను బల్ల కాలి కింద దూర్చింది. ప్రతి జాకెట్టుకూ లోపలి కుట్టులో రెండు వేళ్ల బట్ట వదిలేది. దండగ కదా అంటే, "మనిషన్నాక ఒకేలగ ఉంటాదేటి వదినా?" అనేది.

మనవరాలు ఐదో తరగతిలో ఉండగా, మధురవాడలో కొత్తగా కట్టిన ఒక హాలులో కార్టూన్ల అభిమానులంతా కలిసే సంబరం పెట్టారు. ఎవరికి ఇష్టమైన పాత్రల వేషంలో వాళ్లు రావచ్చు, కుటుంబాలు వేదిక ఎక్కవచ్చు. పిల్ల టీవీలో చూసే ఒక కార్టూన్‌లో సముద్రం అడుగున రాజ్యం ఉంది. ఇంటిల్లిపాదీ ఆ రాజ్యంగా వెళ్లాలని పట్టుబట్టింది.

వియ్యపురాలు నెల్లాళ్లు కుట్టింది. అల్లుడికి సొరచేప, మా అమ్మాయికి సముద్రపు గుర్రం, పిల్లకి పాత గొడుగు గుడ్డతో జెల్లీచేప. తనకేమో ఊదారంగు ఆక్టోపస్. దూది కూరిన చేతులు ఆరే ఉన్నాయని నేను ఎత్తి చూపిస్తే, "ఈ రెండూ ఎవులివి?" అని తన చేతులు చూపించింది. నాకు మెత్తటి డిప్పతో తాబేలు.

"నేను వేసుకోను. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పుడు పిల్లల తల్లులు. వాళ్ల ముందు డిప్ప కట్టుకుని నిలబడనా?" అన్నాను.

"తల దాసుకోడానికే కదా వదినా డిప్ప!"

"మీకు హాస్యంగానే ఉంటుంది."

పిల్ల కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. చివరికి వెళ్లాను కానీ, గంజి పెట్టిన నా ఇసుకరంగు నేతచీరలోనే వెళ్లాను.

హాలు నిండా రెక్కలు, తోకలు, అట్టముక్కల కత్తులు. వేదిక మీద మైకు పట్టుకున్న అమ్మాయి ఒక్కొక్కరి పాత్రా అడుగుతూ నా దగ్గర ఆగింది. "అమ్మమ్మగారిది ఏ వేషం?" ముందు వరుసల్లో నవ్వులు. మనవరాలి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. తప్పు నాదేనని తెలుసు.

వియ్యపురాలు దూది చేతులు ఊపుకుంటూ వచ్చి మైకు అందుకుంది.

"ఏటమ్మా, కనబడతన్నాదా లేదా? మేమందరం సముద్రం. ఆవిడ ఒడ్డు. ఒడ్డన్నది లేకపోతే సముద్రం ఊరి మీద పడిపోదా? అందుకే ఆవిడ కదల్దు."

చప్పట్లు మోగాయి. అవి ఆగకముందే పిల్ల చెయ్యి మళ్లీ నా చేతిలోకి వచ్చింది. బహుమతి రాలేదు. ఒడ్డుతో మాత్రం చాలామంది ఫోటోలు దిగారు.

తిరుగు దారిలో నేను ఆవిడతో అన్న మాట ఒక్కటే: "మీ ఎడమ వైపు మూడో చెయ్యి కుట్టు ఊడింది."

"సూసినాన్లే" అంది.

వారం తర్వాత తాబేలు డిప్పను దిండుగా మార్చి నా నడుము నొప్పికని పంపింది. "ఏసుకోనన్నావు. ఆనుకో మరి" అని ఫోన్‌లో ఒక్క మాట. ఇది రాస్తున్నదీ దానికి ఆనుకునే. దాని కుట్టు లోపలా రెండు వేళ్ల బట్ట ఉంది.

నా బిగుసుకుపోయే గుణానికి ఇంట్లో, బడిలో చాలా పేర్లు పెట్టారు. దానికీ ఒక పని ఉందన్నది ఆవిడ ఒక్కతే. ఆ మాట నాకెంత పనికొచ్చిందో ఆవిడకు చెప్పడానికి ఏడేళ్లు ఉన్నాయి. చెప్పలేదు.

కర్మ అయిన మర్నాడు ఆవిడ పెట్టె తెరిస్తే అడుగున ఆక్టోపస్ వేషం కనిపించింది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న మనవరాలు దూదంతా తీసేసి, ఉతికి, డాబా మీద తీగకు ఆరేసింది. నేను పైకి వెళ్లేసరికి హార్బరు వైపు నుంచి గాలి వీస్తోంది. ఖాళీ చేతులు ఆరూ గాలికి నిండుతూ, వాలుతూ ఉన్నాయి. వాటిలో ఒకటి వచ్చి వచ్చి నా భుజానికి తగులుతోంది.

"పక్కకి రా అమ్మమ్మా, చీర తడిసిపోతోంది" అంది మనవరాలు.

నేను కదల్లేదు.

"నువ్వుండు వదినా, కాసేపు" అన్నాను.