జబ్బుపడని ఎలుకలు

మొన్న కోడూరులో పెళ్ళికి వెళ్తూ, అవనిగడ్డలో బస్సు మారే వ్యవధిలో తలనొప్పి మాత్ర కోసం ఒక మందుల షాపుకి వెళ్ళాను. అక్కడ నేల ఉసిరితో చేసిన లివర్ టానిక్ సీసాలు పేర్చి ఉన్నాయి. ఎలుకలపై పరీక్షించి నిరూపించినది అని అట్టమీద ఎర్రటి అక్షరాలు. ఎన్ని ఎలుకలు, ఎవరు పరీక్షించారు, మందు పెట్టని ఎలుకల సంగతేమిటి అని సీసాను అటూ ఇటూ తిప్పుతుంటే షాపతను నన్నే అనుమానంగా చూశాడు. అతని తప్పేం లేదు. దేన్నీ ఒక పట్టాన నమ్మకపోవడం నాకు ఉద్యోగంలో అబ్బిన గుణం. అది ఒకసారి నా చేత చేయించిన పని గురించి ఈ వయసులోనైనా చెప్పుకోవాలనిపిస్తోంది.

గుడివాడలో చదువు ముగించి, బందరులో ఒక ఫార్మసీ కాలేజీ ప్రయోగశాలలో చేరిన కొత్తలో, మా సార్ నాకు అప్పగించిన పని ఈ నేల ఉసిరి మీదే. మనవాళ్ళు పొలంగట్ల మీద పీకి, నూరి, పరగడుపున మజ్జిగలో కలిపి కామెర్లకు తాగించే ఆ మొక్క నిజంగా కాలేయాన్ని కాపాడుతుందా అన్నది ప్రశ్న. తెల్ల ఎలుకలను మూడు జట్లు చేశాం. మొదటి జట్టుకు ఏమీ ఇవ్వం. రెండో జట్టుకు కాలేయాన్ని చెడగొట్టే ఒక రసాయనాన్ని నూనెలో కలిపి ఇస్తాం. మూడో జట్టుకు ఆ రసాయనంతోపాటు నేల ఉసిరి కషాయం కూడా పట్టిస్తాం. రెండోది జబ్బుపడి, మూడోది తట్టుకుంటేనే మొక్కకు గుణం ఉన్నట్టు.

తీరా జట్టుకు రెండేసి చొప్పున కోసి చూస్తే, పాలిపోయి ఉండాల్సిన రెండో జట్టు కాలేయాలు నిక్షేపంగా ఉన్నాయి. రక్తపరీక్షలూ అదే చెప్పాయి. మందు పెట్టని ఎలుకలకు ఎవరో మందు పెడుతున్నారనుకున్నాను. అలా అనుకోగానే మనసు నేరుగా వెళ్ళి ఎలుకల గది చూసుకునే అటెండరు గారి మీద వాలింది.

హంసలదీవి దగ్గర పల్లె ఆయనది. వాళ్ళ చర్చిలో సంఘపెద్ద. కాలేజీలో అందరం మావయ్యగారూ అనేవాళ్ళం. ఆకు ఏరి, కడిగి, ఆరబెట్టేదీ ఆయనే, బోన్లు శుభ్రం చేసేదీ, సీసాలు కడిగేదీ ఆయనే. పని మొదలుపెట్టిన రోజున, "మందు దగ్గరుంచుకుని కూడా వాటికి పెట్టకపోవడం ఏంటమ్మా, పాపం" అన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్న నాకు ఆ మాటే ఇప్పుడు సాక్ష్యంలా తోచింది. ఆయన వేళ్ళకంటిన ఆకుపసరు కూడా, రోజూ ఉండేదే, కొత్తగా కనిపించడం మొదలైంది. మూడు రోజులు మధ్యాహ్నం భోజనం మానుకుని తలుపుచాటున నిలబడ్డాను. మూడోరోజు ఆయన ఇటూ అటూ చూసి, రెండో జట్టు బోను తెరిచి, గుప్పెట్లోది ఏదో లోపల వేశారు.

అదేమిటని అడగలేదు. వెళ్ళి సార్‌కి చెప్పాను. సార్ కూడా అడగలేదు. మర్నాటి నుంచి ఆయన్ని గేటు దగ్గరికి మార్చారు. మావయ్యగారు తాళంచెవి నా బల్లమీద పెట్టి, తడి ఊక రోజూ తీసేయమనీ, లేకపోతే వాటి కళ్ళు మండుతాయనీ చెప్పి వెళ్ళిపోయారు. అప్పుడు తెలిసింది ఆ గుప్పెట్లోది పొడి ఊక అని. తెలిసీ, అది ఆయన ఎత్తేమోనని అనుమానించాను.

మళ్ళీ మొదటి నుంచీ చేశాను. గది నేనే ఊడ్చాను, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. రెండో జట్టు ఈసారి కూడా జబ్బుపడలేదు. అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు. కొత్తగా రసాయనం కలుపుతున్నప్పుడు ముక్కుకి ఘాటుగా తగిలింది. పక్కనే వారం కిందట కలిపి, దూది బిరడాతో వదిలేసిన సీసాను వాసన చూస్తే వట్టి నూనె. బందరు ఎండకి అందులోని రసాయనమంతా గాలికి పోయింది. వారానికి సరిపడా ఒకేసారి కలిపి, మూత సరిగ్గా పెట్టని చెయ్యి నాదే. ఏ రోజుకారోజు కలిపి మూడోసారి చేస్తే, రెండో జట్టు పాపం అనుకున్నట్టే జబ్బుపడింది.

సార్‌కి జరిగింది చెప్పి, గేటు దగ్గరికి వెళ్ళాను. అంతా విని మావయ్యగారు లేచి, తన స్టూలు నావైపు జరిపారు.

"ఆ సీసా మొదటిరోజు కొట్టినంత వాసన మూడోరోజుకి కొట్టేది కాదమ్మా. కడిగేవాణ్ణి, నాకు తెలియదా. మీరు చదువుకున్నవాళ్ళు, అలాగే ఉంటుందేమో అనుకున్నాను. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదమ్మా."

నా మీద కోపమా అని అడిగాను. అదేం లేదన్నారు. సార్ మళ్ళీ పిలిచినా, మోకాళ్ళు సహకరించడం లేదని చెప్పి ఆ గదికి రాలేదు. గేటు దాటేటప్పుడల్లా ఎప్పటిలాగే పలకరించేవారు. నేనే తలెత్తి చూడలేకపోయేదాన్ని.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎలుకల గదుల్లో కెమెరాలున్నాయి, ప్రయోగానికి కమిటీ అనుమతి ఉండాలి, ఇచ్చిన ప్రతి చుక్కకీ సంతకం పెట్టాలి. ఎవరూ తలుపుచాటున నిలబడనక్కర్లేదు, అది మంచిదే. రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ పరిశోధన చేసే పిల్లలు సలహా కోసం వస్తుంటారు. చాలా తెలివైనవాళ్ళు, నా కాలం కంటే ఎంతో జాగ్రత్తపరులు. వాళ్ళు చెప్పేదంతా విన్నాక, మీ సీసాలు కడిగేది ఎవరమ్మా అని అడుగుతాను. చాలామందికి పేరు తెలియదు.