టోపీ మీద గాడిద

1980 ఎన్నికలప్పుడు పిట్స్‌బర్గ్ నుంచి చికాగో వెళ్లే బస్సులో నా పక్క సీట్లలో ఒక అమెరికన్ ముసలి జంట కూర్చుంది. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడట. టోపీకి డెమోక్రాట్ల గాడిద గుర్తు బ్యాడ్జీ.

మధ్యలో బస్సు ఆగి ఆవిడ బాత్రూమ్‌కి దిగగానే, "ఈసారి ఎవరు గెలుస్తారండీ?" అని మాట కలిపాను.

ఆయన గొంతు తగ్గించాడు. "రిపబ్లికన్లు. ఏనుగు. నలభై ఏళ్లు గాడిదకే వేసిన నేనే ఈసారి మారుతున్నాను. మా ఆవిడకి మాత్రం చెప్పకు. వాళ్ల నాన్న యూనియన్ లీడర్, చచ్చేదాకా గాడిదకే వేశాడు. తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు."

మా ఊళ్లో ఇంటికో గుర్తు, ఇంటిల్లిపాదీ దానికే. ఓటు రహస్యమంటే ఊళ్లోవాళ్ల దగ్గర అనుకున్నాను గానీ, కట్టుకున్న పెళ్లాం దగ్గరా!

ఆవిడ రాగానే ఆయన సిగరెట్ కాల్చుకోడానికి దిగాడు. ఏం మాట్లాడాలో తోచక ఆవిడనీ అదే అడిగాను.

"ఏనుగు గెలుస్తుంది," అంది, కిటికీలోంచి ఆయన్ని చూస్తూ. "నేనే దానికి వేస్తున్నాను. ఆయనతో అనకు బాబూ, గుండె పగిలిపోతుంది."

ఆయన వచ్చి కూర్చున్నాడు. టోపీ మీద పక్కకి ఒరిగిన గాడిదని ఆవిడ రెండు చేతులతో సరిచేసి నిలబెట్టింది.

చికాగో దాకా వాళ్ల మొహాలు చూడలేకపోయాను. పోలింగ్ ఇంకా మూడు వారాలుందనగా, ఆ బస్సులోనే నాకు ఫలితాలొచ్చేశాయి.