ఉబైద్ కూతురి మధ్యాహ్నం బడి

షార్జాలో మా బిల్డింగులో ఎవరింట్లో పిల్లకి బడి వెతుకుతున్నా, పెళ్ళిసంబంధం చూసినంత హడావుడి. పెళ్ళికైతే బంధువులు మాత్రమే సలహాలిస్తారు. బడి విషయంలో లిఫ్టెక్కిన ప్రతివాడూ ఇస్తాడు. ఉబైద్ కూతురు నజ్వకి బడి వెతికినప్పుడూ అంతే జరిగింది.

ఉబైద్‌ది కేరళలో తిరూరు. మా ఫ్లాట్లోనే ఒక గదిలో అద్దెకుంటాడు. కూరగాయల టోకు మార్కెట్లో రాత్రంతా లారీలు దింపించి, తెల్లారాక ఇంటికొస్తాడు. వస్తూ వస్తూ వంకర దోసకాయలో, నలిగిన టమాటాలో ఒక సంచిలో తెచ్చి నా వంటింటి గట్టు మీద పెడతాడు. నన్ను అక్కా అన్నట్టు చేచీ అంటాడు.

"శోశమ్మ చేచీ, చూడ్డానికి బాగోవుగానీ తింటే బాగుంటాయి."

"అచ్చం నీలాగే" అంటాను.

నవ్వేస్తాడు. ఆ మనిషికి కోపమన్నది తెలియదు. ఫరవాలేదు, మా ఇద్దరికీ సరిపడా నాకుంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ భార్య రంసీన, కూతురు తిరూరులోనే ఉన్నారు. మొన్న చలికాలంలోగానీ అతను వాళ్ళని ఇక్కడికి తెచ్చుకోలేకపోయాడు. అప్పటిదాకా నజ్వకి తండ్రంటే ఫోనే. అందుకని ఇక్కడికొచ్చాక కూడా, ఎదురుగా కూర్చున్న మనిషితో ఆ పిల్ల ఇల్లెగిరిపోయేలా అరిచి మాట్లాడేది. "ఉప్పా! వినిపిస్తోందా? నేను ఇడ్లీ తిన్నా! వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది మోళే, చెప్పు చెప్పు!" అని అతనూ అరిచేవాడు.

మొదటిసారి నేను పడీపడీ నవ్వాను. తర్వాత తర్వాత నవ్వు రాలేదు. పాపం, ఆ పిల్ల ఇంకా తిరూరు నుంచే మాట్లాడుతోందనిపించేది.

ఏప్రిల్లో ఇక్కడి మన ఇండియన్ బడులు తెరుస్తారు. ఆలోగా తన జీతానికి అందే బడి దొరకకపోతే తల్లీకూతుళ్ళు మళ్ళీ విమానమెక్కాల్సిందే. ఇక్కడ మా సగం ఇళ్ళ కథ ఇదే. బడి కుదిరితేనే కాపురం కుదురుతుంది.

రంసీన మనసంతా ఊరవతల ఉన్న పెద్ద బడి మీదే. పేరున్న బడి. ఫీజు ఎలాగోలా కట్టచ్చనిపిస్తుంది. కానీ బస్సు, పుస్తకాలు, వార్షికోత్సవం డ్రస్సు తలుపు వెనక నక్కి ఉంటాయి, చేరాక ఒక్కొక్కటే బయటికొస్తాయి. పైగా బస్సు చీకటితోనే వస్తుంది. తండ్రి ఇల్లు చేరేసరికి పిల్ల ఉండదు. పిల్ల వచ్చేసరికి తండ్రి నిద్రలో ఉంటాడు. నిద్రలోనైనా ఉంటాడా అంటే అదీ లేదు. ఆ ఖర్చు కోసం మధ్యాహ్నం పూట ఇంకో దుకాణంలో పనికి ఒప్పుకున్నాడు మహానుభావుడు!

"రెండు సిగ్నళ్ళ అవతల చిన్న బడి ఉంది కదే. అవే పుస్తకాలు, అదే చదువు. చిన్నపిల్లలకి మధ్యాహ్నం నుంచి. నడిచి వెళ్ళచ్చు" అన్నాను.

"రెండో షిఫ్టా! మిగిలిపోయిన పిల్లల బడి అంటారు చేచీ. మా వదినకి ఏమని చెప్పను? రేపు నజ్వ డాక్టరవ్వాలి."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

"మీ వదిన ఫీజు కడుతుందా?"

"ఎందుకు కడుతుంది?"

"మరి ఆవిడ నోరు మూయించడానికి నీ మొగుడెందుకు కట్టాలి?"

రంసీన మూతి ముడుచుకుంది. ఉబైద్ నన్ను పక్కకి పిలిచి, "పోనివ్వండి చేచీ, ఇన్నేళ్ళలో తను నన్నడిగింది ఈ ఒక్కటే" అన్నాడు. ఈ మంచివాళ్ళతో వేగడం నా వల్ల కాదు.

పెద్ద బడిలో ఇంటర్వ్యూకి తల్లీతండ్రీ ఇద్దరూ రావాలన్నారు. రంసీన రమ్మని బతిమాలితే తోడు నేనూ వెళ్ళాను. ఉబైద్ మార్కెట్ నుంచి తిన్నగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడుగానీ భుజం మీద కొత్తిమీర ఆకొకటి అంటుకుని ఉంది. మేడమ్ నజ్వ చేత రంగుల పేర్లు చెప్పించుకుంది, పాట పాడించుకుంది, మెచ్చుకుంది. తర్వాత ఉబైద్ వైపు తిరిగి, "ఇంట్లో పాపని ఎవరు చదివిస్తారు?" అని అడిగింది.

చూద్దును కదా, నిటారుగా కూర్చునే నిద్రపోతున్నాడు!

నజ్వ కుర్చీ మీద నిలబడింది. "ఉప్పా! ఉప్పా! వినిపిస్తోందా?" అని గట్టిగా అరిచింది. అతను కదల్లేదు. పిల్ల ఏ మాత్రం కంగారుపడకుండా తల్లి వైపు తిరిగి, "ఉమ్మా, లైను కట్టయిపోయింది. మళ్ళీ చేస్తాడులే" అని కూర్చుంది.

మేడమ్ నవ్వింది. రంసీన నవ్వలేదు. మొగుడి మొహంలోకి కాసేపు చూసి, భుజం మీద కొత్తిమీర ఆకు మెల్లగా తీసింది.

"మేడమ్, మా పిల్లని ఇక్కడ చేర్చడం లేదు" అంది.

అప్పటికి ఉబైద్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "ఏమడిగారు? నేనే! నేనే చదివిస్తా మేడమ్!"

"మీరే చదివిద్దురుగాని, లేవండి ముందు" అంది రంసీన. ఆవిడ కళ్ళు నిండి ఉన్నాయి.

టాక్సీ తిన్నగా చిన్న బడికి పోయింది. దారిలో రంసీన తనంతట తనే వదినకి ఫోన్ చేసింది. "అవును వదినా, రెండో షిఫ్టే. పొద్దున్నపూట నజ్వ వాళ్ళ ఉప్పాతో ఉంటుంది." అవతల ఆవిడ ఏమందో ఏమో, రంసీన "ఉంటాను వదినా" అని పెట్టేసింది. నేను సీట్లో వెనక్కి వాలి, శభాష్ అనుకున్నాను.

మధ్యాహ్నం పని ఉబైద్ మానుకున్నాడు. ఇప్పుడు పొద్దున్నే అతను సంచీతో రాగానే నజ్వ తలుపు దగ్గరుంటుంది. తండ్రీకూతుళ్ళు ఒకే పళ్ళెంలో ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి పుట్టు, అరటిపండు కలుపుకు తింటారు. తర్వాత పుస్తకం తెరుస్తారు. అతను అరగంటలో ఆవులిస్తాడు, పిల్ల కసురుతుంది. ఇద్దరూ చాప మీద కునుకు తీసి లేచి, చేయీ చేయీ పట్టుకుని బడికి వెళ్తారు.

మొన్న పొద్దున నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. ఉబైద్ చాప మీద కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నజ్వ గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు ఇల్లెగిరిపోతుందిరా దేవుడా అనుకున్నాను. పిల్ల అరవలేదు. తండ్రి పక్కన బోర్లా పడుకుని, అతని చెవికి నోరానించి ఏదో చెప్పింది. అతను కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

"ఏమంటోందిరా?" అని అడిగాను.

"మీకు చెప్పకూడదట చేచీ."

నజ్వ నా వైపు గుర్రుగా చూసి, మళ్ళీ అతని చెవి అందుకుంది. చేతిలో చేప అలాగే పట్టుకుని చెవులు రిక్కించాను. ఒక్క ముక్క వినపడితే ఒట్టు.